రెండో రేడియో గొంతు కొంచెం తగ్గాలి

మా మేనల్లుడు ఓహాయోలో ఇంటి గరాజులో విమానం కడుతున్నాడు. ఈ మాట చదివి మీకు నవ్వొస్తే తప్పులేదు, మాకూ వచ్చింది. ఇద్దరు కూర్చునే చిన్న విమానం. కిట్‌లా పెట్టెల్లో వస్తుంది, మనం రివెట్లు కొట్టుకుంటూ పోవాలి. నాలుగేళ్లుగా కొడుతున్నాడు. చీపురుపల్లిలో ఎవరైనా అడిగితే మా అక్క "కారు లాంటిదేదో చేస్తన్నాడు" అని మాట దాటేస్తుంది. ఆవిడ బాధ ఆవిడది. మా జిల్లాలో విమానం అంటే భోగాపురం ఎయిర్‌పోర్టు, భోగాపురం అంటే గజం రేటు. ఇంట్లో విమానం కట్టుకోవడం అన్నది ఏ లెక్కలోకీ రాదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు సూట్‌కేసులోంచి ఒక పాత హెడ్‌సెట్ తీసి నా టేబుల్ మీద పెట్టాడు. దాని తోకకి రెండు పిన్నులు. ఒకటి మన మామూలు పావంగుళం పిన్ను, వినడానికి. రెండోది దానికంటే కాస్త సన్నం, మైకుకి. ఒకదాని చోట ఒకటి పెట్టకుండా సైజులు వేరుగా చేశారట. ఎవరు ఆలోచించారో గానీ చాలా నచ్చింది నాకు. మా ఆవిడ చూసి "ఇదేటి, రెండు ముక్కులూ ఒకలా లేవు" అంది.

"మావయ్యా, విమానంలో రెండు రేడియోలు పెడుతున్నాను. రెండింటి సౌండూ ఒకే హెడ్‌సెట్లోకి రావాలి. నువ్వు మైక్‌సెట్ వాడివి కదా, ఏదో ఒకటి చెయ్యి."

విజయనగరం గంటస్తంభం దగ్గర 31 ఏళ్లు మైక్‌సెట్, రేడియో రిపేరు షాపు నడిపాను. రెండు సౌండ్లు కలపడమంటే నాకు అరగంట పని. అలా అనుకునే ఒప్పుకున్నాను. రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో టంకం పట్టిన సమయం కంటే ఆలోచించిన సమయమే ఎక్కువ. చివరికి తేలింది ఒకటే: రెండు రేడియోల్నీ కలపొచ్చు, కానీ సమానంగా కలపకూడదు. ఇది నా వృత్తికి విరుద్ధమైన మాట. మైక్‌సెట్ వాడి గొప్పంతా నాదస్వరం, డోలు, గాయకుడు అందర్నీ సమానంగా వినిపించడంలోనే ఉంటుంది కదా.

రెండు మోటార్లు, ఒక పైపు

ముందు అరగంట పని సంగతి చెప్పేస్తాను. రెండు రేడియోల హెడ్‌ఫోన్ వైర్లు తెచ్చి ఒకచోట మెలిపెడితే రెండూ వినిపిస్తాయి కదా అని చాలామంది అనుకుంటారు. మా షాపులో కొత్తగా చేరిన కుర్రాడు కూడా అలాగే అనుకున్నాడు. సిరిమానోత్సవం ముందు రోజు, ఒక హారన్ లైనుకి సౌండ్ చాలట్లేదని రెండు యాంప్లిఫయర్ల ఔట్‌పుట్లు కలిపి బిగించేశాడు. పది నిమిషాల్లో వాసన. ఒక యాంప్లిఫయర్ పోయింది. తప్పు నాది కూడా, నేను టీకి వెళ్లాను.

ఒక మోటారు నీళ్లని రెండు పైపుల్లోకి వదలొచ్చు. రెండు మోటార్లని ఒకే పైపుకి బిగిస్తే, వాల్వు లేకపోతే, ఒకదాని నీళ్లు రెండోదాంట్లోకి వెనక్కి తన్నుతాయి. ఇక్కడా అంతే. రేడియో ఔట్‌పుట్‌కి లోపలి నిరోధం తక్కువ, కాబట్టి మొదటి రేడియో పంపే కరెంటులో ఎక్కువ భాగం హెడ్‌సెట్‌కి కాకుండా రెండో రేడియోలోకి పోతుంది. సౌండ్ గీరుకుపోతుంది, ఖర్మ కాలితే ఔట్‌పుట్ స్టేజీ వేడెక్కుతుంది. అందుకే ఒక్కో రేడియో దారిలో ఒక్కో రెసిస్టర్ పెట్టి, ఆ తర్వాత కలపాలి.

మొదటి డబ్బాలో రెండు వైపులా 470 ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టి ఇచ్చాను. విమానం హెడ్‌సెట్లు సాధారణంగా 150 నుంచి 300 ఓమ్‌ల మధ్య ఉంటాయి. మనవాడు తెచ్చింది 150. లెక్క వేస్తే ఒక్కో రేడియో నుంచి వచ్చిన వోల్టేజీలో ఐదో వంతే చెవికి చేరుతుంది. ఇంట్లో టేబుల్ మీద ఆ ఐదో వంతు బ్రహ్మాండంగా వినిపించింది. అక్కడ ఇంజను స్టార్ట్ చేసి చూశాక వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు: "వాల్యూమ్ ఫుల్ పెట్టినా ఎవరో పక్కింట్లో మాట్లాడుతున్నట్టుంది మావయ్యా." పైగా ఇంకో సమస్య. మనం మాట్లాడేటప్పుడు మన గొంతుని కూడా రేడియో హెడ్‌సెట్లోకి తిరిగి పంపుతుంది. అది కూడా తగ్గిపోయింది. తన గొంతు తనకి వినపడక మనవాడు మైకులో అరవడం మొదలుపెట్టాడు. చెవుడు వచ్చిన పెద్దవాళ్లు గట్టిగా మాట్లాడతారే, అదే కథ.

ఐసీ పెట్టొచ్చు కదా

పెట్టొచ్చు. చదువుకున్న వాళ్లంతా అదే చెబుతారు. ఆప్‌ఆంప్ అనే, సిగ్నల్ పెంచే ఐసీ చిప్ ఒకటి పెట్టి, రెండు రెసిస్టర్లూ దాని మైనస్ కాలు దగ్గర కలిపితే, అక్కడ వోల్టేజీ దాదాపు కదలదు. దాంతో ఒక రేడియోకి రెండోది ఉన్నట్టే తెలీదు. సౌండ్ తగ్గదు, కావాలంటే పెంచుకోవచ్చు. మామూలు మిక్సర్లు లోపల ఇదే పని చేస్తాయి. నాకు తెలియక కాదు.

నా డ్రాయర్లో 386 ఐసీలు బోలెడు ఉన్నాయి. చిన్న స్పీకర్ మోగించడానికి పుట్టిన ఐసీ అది. దానితో ఒకటి కట్టాను కూడా. కానీ విమానంలో ఆల్టర్నేటర్ తిరుగుతుంటే బ్యాటరీ లైను మీద 14 వోల్టుల దాకా ఉంటుంది. మామూలు 386 పనిచేయాల్సిన హద్దు 12. బల్ల మీద 14 ఇచ్చి గంటసేపు వదిలాను. పోలేదు గానీ వేలు పెడితే చురుక్కుమంది. రెగ్యులేటర్ పెడితే ఆ ఇబ్బంది తీరుతుంది. అప్పుడు రెగ్యులేటర్ ఒకటి, దాని ఫ్యూజ్ ఒకటి, ఆ ఫ్యూజ్ హోల్డర్ ఒకటి. ఒక్కొక్కటీ పోవడానికి ఒక్కో అవకాశం.

ఇక్కడే నా మనసు మారింది. పెళ్లి పందిట్లో నా మిక్సర్ పోతే పంతులుగారు గొంతెత్తి మంత్రం చదువుతారు, పెళ్లి ఆగదు. మేనల్లుడు గాల్లో ఉండగా నా డబ్బాకి కరెంటు అందకపోతే? రెండు రేడియోలూ దివ్యంగా ఉంటాయి, ఇతనికి మాత్రం ఏదీ వినపడదు. ఒకటి పోయినా ఒకటి ఉంటుందని పెట్టుకున్న రెండు రేడియోల్నీ ఒక్క ఐసీ కాలికి కట్టేసినట్టు అవుతుంది.

కంపెనీలు చేసే ఆడియో ప్యానెళ్లలో ఐసీలే ఉంటాయి కదా అని మీరడగొచ్చు. ఉంటాయి. కానీ వాటిలో మంచివాటికి ఒక ఏర్పాటు ఉంటుంది: ప్యానెల్‌కి కరెంటు పోతే పైలట్ హెడ్‌సెట్ తనంతట తనే నేరుగా మొదటి రేడియోకి కలిసిపోతుంది. రెండో రేడియో, పక్క సీటు వాళ్లతో కబుర్లు, పాటలు అన్నీ పోతాయి, మొదటి రేడియో మాత్రం మిగులుతుంది. ఈ సంగతి తెలిశాక ఇంజినీర్ల మీద గౌరవం పెరిగింది. వాళ్లకీ రెండు రేడియోలు సమానం కాదన్నమాట. ఆ రిలే, స్విచ్చి అన్నీ నేను కట్టగలను, కానీ నేను కట్టినదాన్ని నేనే అంతగా నమ్మలేను. రెసిస్టర్‌కి కరెంటు అక్కర్లేదు, వాట్ మించకపోతే దానికి చావూ లేదు. ఐసీ తీసేశాను.

మా ఆవిడ చెవులు

నా టేబుల్ మీద విమానం రేడియో ఏదీ లేదు కాబట్టి రెండు పాత ఫోన్లు పెట్టాను. ఒకదాంట్లో తెలుగు వార్తలు, ఇంకోదాంట్లో తెలుగు క్రికెట్ కామెంటరీ. మధ్యలో నా డబ్బా. హెడ్‌సెట్ మా ఆవిడ తలకి. రెండింటి వాల్యూమూ సమానం చేసి, "ఎలా ఉంది?" అన్నాను.

"రెండూ బాగా వినిపిస్తన్నాయి."

"ఏం చెబుతున్నారు?"

కాసేపు ఆగింది. "ఏటో... ముఖ్యమంత్రి ఫోర్ కొట్టాడు."

ఆ మాట తర్వాత నేను రెసిస్టర్ల లెక్కలు పక్కన పెట్టేశాను. కలపడంలో తప్పేం లేదు. గీరుడు లేదు, హమ్ లేదు. నేను పరీక్షించాల్సింది డబ్బాని కాదు, చెవిని.

ఈ చెవి సంగతి 1953లోనే కాలిన్ చెర్రీ అనే ఆయన పరీక్షించాడు. అప్పట్లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకి ఇదే బాధ, ఎంతోమంది పైలట్ల గొంతులు ఒకే స్పీకర్లోంచి వచ్చేవి. చెర్రీ ఒకే మనిషి చదివిన రెండు వేర్వేరు పాఠాల్ని కలిపి వినిపించాడు. టేపు ఎన్నిసార్లైనా తిప్పి వినండి, ఒకదాన్ని విడదీసి చెప్పండి అన్నాడు. నానా తంటాలు పడి చెప్పగలిగారు. అదే ఒక పాఠం ఒక చెవికి, రెండోది రెండో చెవికి ఇస్తే ఒకదాన్ని సులువుగా అప్పజెప్పారు. కానీ రెండో చెవిలో ఏం చెప్పారో మాత్రం తెలీలేదు. ఆ చెవిలో ఇంగ్లీషు మధ్యలో జర్మన్ అయిపోయినా పట్టుకోలేకపోయారు. మగ గొంతు ఆడ గొంతుగా మారితే మాత్రం తెలిసింది.

నా పేరు పిలిస్తే నేను పట్టుకోనా అని మేనల్లుడి ధీమా. పైలట్‌కి తన విమానం పిలుపు అంకెలే పేరు. దానికీ పరీక్ష జరిగింది. 1959లో మోరే అనే ఆయన, శ్రద్ధ పెట్టని చెవిలో వినేవాడి పేరే పెట్టి చూశాడు. మూడింట ఒక వంతు మందే పట్టుకున్నారు. ఇది మేనల్లుడికి చెబితే "వాళ్లు పైలట్లు కారు కదా" అన్నాడు. నిజమే. అభ్యాసంతో మెరుగవుతుందని నేనూ ఒప్పుకుంటాను. మన ఊళ్లోనే సంగీత కళాశాల మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు ఐదు తాళాలు ఒకేసారి వేసేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అవధానం చూసినవాళ్లకి ఇంకా బాగా తెలుసు. ఒక పక్క సమస్యలు పూరిస్తూ, దత్తపదులు కూరుస్తూ, మధ్యమధ్యలో ఎవరో కొట్టే గంటలు లెక్క పెట్టుకుని చివర్లో సరిగ్గా చెబుతారు.

కానీ ఘంటాగణనాన్ని కాస్త దగ్గరగా చూడండి. అది గంట. మాట కాదు. ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఇద్దరు ఒకేసారి సమాన స్వరంతో అడిగే అంశం ఏ అవధానంలోనూ నేను చూడలేదు. ఒకరు అడుగుతారు, మిగతావాళ్లు ఆగుతారు. అప్రస్తుత ప్రసంగి ఒక్కడే మధ్యలో దూరతాడు, అతని పనే ధారణ చెడగొట్టడం. అంటే మన పెద్దవాళ్లకి తెలుసు, రెండో గొంతు సమానంగా వస్తే అది పరీక్ష, సహాయం కాదు. మేనల్లుడి రెండో రేడియో మీద వచ్చేది వాతావరణం చదివే రికార్డింగ్. లేదంటే 121.5 మెగాహెర్ట్జ్, ఆపదలో పిలిచే ఫ్రీక్వెన్సీ, ఎక్కువసేపు మౌనంగా ఉండేది. మొదటి రేడియోలో టవర్, అంటే విమానాశ్రయం కంట్రోలర్ల మాట, ఉంటుంది. ఈ రెండూ ఒకే పీట మీద కూర్చోవలసినవి కావు.

ఈల కూడా వెయ్యదు

మేనల్లుడి స్నేహితుడొకడు ఇంకో భయం పెట్టాడట, రెండు రేడియోలు కలిపితే ఈల వస్తుందని. అది వేరే సంగతి. విమానాల రేడియో ఏ.ఎం. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు ఒకేసారి మాట్లాడితే, ఇద్దరి మాటల్నీ మోసుకొచ్చే వాహక తరంగాల ఫ్రీక్వెన్సీల మధ్య ఉన్న చిన్న తేడా వినేవాడి రేడియోలో కీచుమని ఈలగా వస్తుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనెరిఫె దీవిలో పొగమంచులో రెండు జంబో జెట్లు రన్‌వే మీద ఢీకొని 583 మంది పోయిన ప్రమాదంలో ఆ ఈలకీ పాత్ర ఉంది. అనుమతి రాకుండానే పరుగు మొదలుపెట్టిన కే.ఎల్.ఎం. విమానానికి టవర్ నుంచి "ఓకే" అన్న ముక్క వినిపించింది. ఆగమన్న తర్వాతి మాట, ఇంకా రన్‌వే మీదే ఉన్నామన్న రెండో విమానం పాన్ యామ్ మాట ఒకదాని మీద ఒకటి పడి, మూడు నాలుగు సెకన్ల ఈలలో కలిసిపోయాయి.

నా డబ్బాలో అలా ఈల రాదు. వైరులో రెండు ఆడియోలు కూడతాయి, అంతే. ఇది మంచిదే అని ముందు మేనల్లుడితో అన్నాను. తర్వాత రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే, ఆ ఈలలోనూ ఒక మేలు ఉంది. ఏదో పోయింది, మళ్లీ అడగాలి అని అదైనా చెబుతుంది. టెనెరిఫెలో ఎవరూ టవర్‌ని మళ్లీ అడగలేదు, అది వేరే విషాదం. నా డబ్బాలో టవర్ మాట, వాతావరణం మాట కలిసి ముద్దయిపోతే ఏ చప్పుడూ ఉండదు. "ముఖ్యమంత్రి ఫోర్ కొట్టాడు" అన్నంత సాఫీగా ఉంటుంది.

వాల్యూమ్ బటన్ లేదా?

మేనల్లుడి అసలు వాదన ఇది, దీనికే నాకు చాలాసేపు జవాబు దొరకలేదు. "ప్రతి రేడియోకీ వాల్యూమ్ బటన్ ఉంది కదా మావయ్యా. రెండోది నేనే తగ్గించుకుంటాను. నువ్వు సమానంగా కలిపి ఇచ్చెయ్యి."

సబబుగానే ఉంది. కానీ వాతావరణం రికార్డింగ్ ఒకసారి బలహీనంగా వస్తుంది, పెంచుతాడు. తర్వాత ఫ్రీక్వెన్సీ మారుస్తాడు, తగ్గించడం మర్చిపోతాడు. మైక్‌సెట్ మీద ఎన్నిసార్లు చూశానో. ఉపన్యాసానికి పెంచిన కాలర్ మైకు అలాగే ఉండిపోయి, వెనక ఎవరో పకోడీ తెమ్మన్న మాట ఊరంతా వినిపించేది. బటన్ ఎక్కడున్నా, వైరింగే రెండోదాన్ని కాస్త వెనక నిలబెడితే, మర్చిపోయినా అది మరీ ముందుకు రాదు. ఇది పూర్తి రక్షణ కాదని నాకూ తెలుసు. బటన్ చివరిదాకా తిప్పేవాణ్ణి రెసిస్టర్ ఆపలేదు.

రెండో వాదన: స్టీరియో హెడ్‌సెట్ కొని మొదటి రేడియో ఎడమ చెవికి, రెండోది కుడి చెవికి ఇద్దామని. చెర్రీ ప్రయోగం ప్రకారం ఇదే మేలు, సగం మార్కులు ఇచ్చేశాను. మిగతా సగం ఎందుకు ఇవ్వలేదంటే, పక్క సీట్లో కూర్చునేవాళ్లు తెచ్చే మోనో హెడ్‌సెట్ పిన్ను ఆ స్టీరియో జాక్‌లో పెడితే కుడి చానల్ ఎర్త్‌కి కొట్టేస్తుంది. ఇంకోటి, హారన్ బాక్సుల పక్కన 31 ఏళ్లు నిలబడ్డ నా ఎడమ చెవి ఇప్పుడు పేరుకే ఉంది. విమానం నడిపేవాడి చెవులు రెండూ ఎప్పటికీ సమానంగా ఉంటాయన్న హామీ ఎవరిస్తారు? కొత్త రేడియోల్లో కొన్ని ఇంకో తెలివి చూపిస్తాయి, మొదటి ఫ్రీక్వెన్సీ మీద మాట రాగానే రెండోదాన్ని వాటంతటవే మూసేస్తాయి. అదే నేను చెప్పేది, యంత్రం చేస్తోంది. మనవాడు కొన్నది సెకండ్‌హ్యాండ్ రేడియో, దానికి ఆ తెలివి లేదు.

అయితే మొదటి రేడియోని నేరుగా హెడ్‌సెట్‌కి ఇచ్చి, రెండోదానికి మాత్రమే రెసిస్టర్ పెడదామని చూశాను. పని చెయ్యదు. నేరుగా తగిలిన మొదటి రేడియో తక్కువ నిరోధంతో రెండోదాని సౌండ్‌ని మింగేస్తుంది, ఆపద పిలుపు కూడా వినపడదు. చివరికి మొదటిదానికి 100 ఓమ్‌లు, రెండోదానికి 220 పెట్టాం. 150 ఓమ్‌ల హెడ్‌సెట్‌కి మొదటి రేడియో నుంచి దాదాపు సగం, రెండోదాని నుంచి ఐదో వంతుకి కాస్త పైన చేరుతుంది. తేడా సుమారు 7 డెసిబెల్స్. ఏదో ఒక రేడియో జాయింటు ఊడినా మిగిలినది మోగుతూనే ఉంటుంది, పైగా ముందటి కంటే కాస్త గట్టిగా. జాక్‌లు ప్యానెల్ రేకుకి తగలకుండా నైలాన్ వాషర్లు వెయ్యమన్నాను. రేకు ద్వారా ఎర్త్ తిరిగిందంటే ఆల్టర్నేటర్ కుయ్యిమంటూ చెవిలో కాపురం పెడుతుంది. ఇంజను స్టార్ట్ చేసి చూశాడు, ఈసారి అరవక్కర్లేదన్నాడు.

ఇంకో చిన్న తకరారు మిగిలింది. ఇంట్లో కట్టిన విమానం అనిపించుకోవాలంటే, సగానికి మించిన పని సొంత చదువు కోసమో సరదా కోసమో చేసినవాళ్లదే అయ్యుండాలని అక్కడి నిబంధన. మరి నా డబ్బా? "నువ్వు సరదాకే చేశావుగా" అన్నాడు.

ఇక్కడ నా దగ్గర ఉంచుకున్న అలాంటి డబ్బాలో కూడా రెసిస్టర్లు 100, 220కి మార్చి మా ఆవిడకి మళ్లీ పరీక్ష పెట్టాను. మొదటి ఫోన్లో వార్తలు. రెండోదాంట్లో చాలాసేపు నిశ్శబ్దం, మధ్యలో ఒక్కసారి నా గొంతు రికార్డు చేసి పెట్టాను, "కాఫీ పెట్టావా?" అని. ఆవిడ వార్తలు వింటూనే తల తిప్పకుండా "ఇప్పుడే కదండీ తాగారు" అంది. వార్తలో ఏం చెప్పారని అడిగితే అదీ చెప్పింది. ఎగిరి గంతేసినంత పని చేశాను. వెంటనే మేనల్లుడికి ఫోన్ చేస్తే, ఇంకోసారి పెట్టి చూడమన్నాడు.

పెట్టాను. ఈసారి నా గొంతు వచ్చేసరికి వార్తల్లో బంగారం రేటు చదువుతున్నారు. కాఫీ మాట ఆవిడకి వినపడనే లేదు. 220 తీసి 180 పెట్టి చూద్దామా అని ఇప్పుడు ఇద్దరం కొట్టుకుంటున్నాం.